ఎడమ మూడో చక్రం

మా ఆయన వీపు మీద నేను చెయ్యి వేస్తే ఆయనకు తెలియదు. బండి చక్రం మీద కాకి వాలితే మాత్రం తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఎవరైనా వచ్చి నాకు ఈ మాట చెప్పి ఉంటే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చి పంపేదాన్ని.

మాది పీతలతిప్ప. మడ అడవికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ మీద ఉన్న చిన్న ఊరు. నా పేరు సత్యవేణి, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. మాకూ అవతలి రోడ్డుకూ మధ్య ఒక పాయ ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు పాయ నిండి పడవ నడుస్తుంది. పాటు వేళ నీళ్లన్నీ వెనక్కి పోయి బురద మిగులుతుంది. అందులో పడవ కదలదు, మనిషి దిగితే తొడల దాకా కూరుకుపోతాడు. కాన్పు నొప్పులూ పాముకాట్లూ పోటు చూసుకుని రావు కదా. మనిషిని ఒడ్డున మంచం మీద పడుకోబెట్టుకుని నీళ్ల కోసం ఎదురుచూసిన ఇళ్లు మా ఊళ్లో చాలానే ఉన్నాయి.

అందుకే ఆ బండి వచ్చిన రోజున ఊరంతా ఎదురెళ్లి కొబ్బరికాయలు కొట్టాం. నేల మీదా నీళ్లలోనూ బురదలోనూ నడిచే బండి అది. పైన పెద్ద తొట్టి, దానికి పక్కకు నాలుగేసి చొప్పున ఎనిమిది లావుపాటి చక్రాలు. పిల్లలు పీతబండి అన్నారు. నేను కొన్నాళ్లు అలాగే అన్నాను, ఆ తర్వాత సవతి అనడం మొదలుపెట్టాను.

దాన్ని తయారుచేసింది యశోధర మేడమ్. పాయకు అవతల, రోడ్డు పక్కన రేకుల షెడ్డూ దానికి ఆనుకుని ప్రయోగశాలా కట్టుకుని ఒక్కతే ఉండేది. భోజనం వేళ ఎవరైనా గుర్తుచేస్తే తినే మనిషి. మొదటి ఏడాది ఆమె తెచ్చిన డ్రైవర్లందరూ బండిని బురదలో దించేసి, చేతులెత్తేసి వెళ్లిపోయారు. తప్పు వాళ్లది కాదు, గాలిది.

ఆ చక్రాల్లో గాలి బాగా తక్కువగా ఉండాలి. వేలితో నొక్కితే లోపలికి పోవాలి. అప్పుడే అవి బాతు కాలులా బురద మీద పరుచుకుంటాయి. గాలి కాస్త ఎక్కువైతే చక్రం ఉబ్బి పక్క చక్రాన్నో తొట్టినో ఒరుసుకుంటుంది. కాస్త తగ్గితే అంచులు జారి అప్పుడూ ఒరుసుకుంటుంది, పైగా బండి ఒక పక్కకు లాగుతుంది. ఎండకు గాలి పెరుగుతుంది, నీళ్లలో దిగితే తగ్గుతుంది. డ్రైవరు కూర్చున్న చోటి నుంచే మీటలు తిప్పి ఏ చక్రానికైనా గాలి ఎక్కించవచ్చు, తీయవచ్చు. కానీ గాలి చూపే ఎనిమిది మీటర్ల ముళ్లూ చూసి దేనికెంత కావాలో తేల్చుకునేసరికి బండి ఇరుసుల దాకా దిగబడిపోయేది.

"మన కాలి కింద ఇసకుందో ముల్లుందో మనం మీటర్లో చూసుకుంటామా?" అంది మేడమ్ ఒకరోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని. "చక్రం సంగతి కూడా ఒంటికే తెలియాలి. అలాంటిదొకటి చేశాను. వేసుకోవడానికి బురద తెలిసిన మనిషి కావాలి."

బురద తెలిసిన మనిషి మా ఆయనే. లోవరాజు అంటే పాయకు రెండు వైపులా తెలియని వాళ్లు లేరు. కళ్లు మూసుకుని పడవ తోసేవాడు. ఆమె చేసినది చూడటానికి మామూలు బనీనులా ఉండేది. లోపలివైపు అప్పడాలంత బిళ్లలు ఎనిమిది, వీపుకు అటు నాలుగు ఇటు నాలుగు. ఒక్కో చక్రంలోని గాలి ఒక్కో బిళ్లను నొక్కుతుంది. బండి ఎక్కడున్నా, మనిషి ఎక్కడున్నా, ఆ కబురు అందుతూనే ఉంటుంది. "స్నానానికైనా విప్పకూడదు," అని చెప్పింది మేడమ్. "విప్పితే ఒళ్లు నేర్చుకున్నది మర్చిపోతుంది."

మొదట్లో ఎనిమిది మంది ఒకేసారి వీపు గిల్లుతున్నట్టుందని విసుక్కునేవాడు. కొన్నాళ్లకు గిల్లడం పోయి, చక్రాలే తెలియడం మొదలైంది. ఆయన మెదడు వీపు మీద ఎనిమిది చోట్లను చక్రాలకు రాసిచ్చేసింది. మీటల మీద వేళ్లు వాటంతటవే తిరిగేవి. నడిబురదలో చక్రం జారబోయే ముందే దానికి గాలి తగ్గించేవాడు. పాటు వేళ మొదటిసారి ఒక పిల్లతల్లిని అవతలి ఒడ్డుకు చేర్చి తిరిగొచ్చిన సాయంత్రం ఊరి మగవాళ్లు ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. నేను గర్వంగా గుమ్మంలో నిలబడి చూశాను. ఆ గర్వం అబద్ధం కాదు.

ఒక సాయంత్రం ఆయన గుమ్మానికి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ రోజంతా నాకెందుకో దిగులుగా ఉంది. వెనక నుంచి వెళ్లి వీపు మీద తల వాల్చాను. ఆయన పులుసు కలుపుకుని తింటూనే ఉన్నాడు. చెంప గట్టిగా ఆనించాను. పలుకూ లేదు, ఉలుకూ లేదు. అంతలో చటుక్కున తలెత్తి, "బండి మీదకి ఎవరో ఎక్కారే," అని ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తాడు. నిజమే, పిల్లలు వెనక చక్రం ఎక్కి గెంతుతున్నారు. నా తల గాలిలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు పడవ ఎక్కి వెళ్లి మేడమ్‌ని నిలదీశాను. ఆమె దాచలేదు. కొంచెం తిమ్మిరి ఉంటుందని అనుకున్నాననీ, వీపు ఇంతగా చేతులు మారిపోతుందని అనుకోలేదనీ చెప్పింది.

"తిరిగొస్తదాండి?" అని అడిగాను.

"బనీను తీసేస్తే రావచ్చు. రాకపోనూ వచ్చు. ఇంతవరకూ ఎవరూ వేసుకోలేదు కదమ్మా, నాకు తెలీదు."

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను, విప్పెయ్యమని. ఆయన కోప్పడలేదు. "నేను విప్పేత్తే బండి ఎవరు తోల్తారే?" అన్నాడు. పాయ వైపు చూస్తూ, "పొద్దున్నే బురద ఎంత సల్లగా ఉంటదో నీకు తెల్దు వేణీ," అన్నాడు. అలాంటి గొంతుతో నాతో మాట్లాడి చాలా కాలమైంది. మాట్లాడింది మాత్రం బురద గురించి. ఆ పూట నేను అన్నం తినలేదు, అది ఆయన గమనించలేదు.

అప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ ఒంటరిగా బతకడం అలవాటు చేసుకున్నాను. ఆయన ఎదురుగానే ఉంటాడు, కబురు చెబితే ఊకొడతాడు, చెవి మాత్రం బయట బండి మీద ఉంటుంది. ఆయనకైనా తోడెవరున్నారు? తనకు తెలిసేది పంచుకోవడానికి ఈ భూమి మీద ఇంకో మనిషి లేడు. మా ఇద్దరికీ మధ్య వేలెడు దూరమే ఉండేది, దాన్ని దాటే దారి ఇద్దరికీ తెలియలేదు.

ఎండలు ముదిరాక కొత్త గొడవ మొదలైంది. ఎడమ మూడో చక్రం ఒరుసుకుంటోందని ఆయన అనడం మొదలుపెట్టాడు. బండిని అవతలి షెడ్డుకు తీసుకెళ్లారు. అంగన్‌వాడీ పిల్లలకు పిండి తెచ్చుకునే రోజు కాబట్టి నేనూ వెంట వెళ్లాను, అంతా నా కళ్ల ముందే జరిగింది. బండిని సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నిలబెట్టి, నీడలో చల్లారనిచ్చి, మేడమ్ దర్జీ టేపు తీసుకుని ఒక్కో చక్రం చుట్టూ కొలిచింది. అంత తక్కువ గాలిని ముల్లు సరిగ్గా పట్టుకోలేదనీ, చుట్టుకొలతలు కలిస్తేనే గాలి కలిసినట్టనీ చెప్పింది. ఎనిమిదీ కలిశాయి.

"మరి ఎక్కడ ఒరుస్తోంది లోవరాజూ?"

"ఇక్కడేనండి. లోపలి అంచున. ఆగకుండా ఒరుత్తానే ఉందండి."

ఎడమ మూడోది విప్పి కుడివైపు వేసి, కుడిది ఎడమకు వేశారు. చక్రంలో లోపముంటే ఒరుపు చక్రంతో పాటు కుడికి రావాలి. ఇరుసులో లోపముంటే కొత్త చక్రం కూడా అక్కడే ఒరుసుకోవాలి. తర్వాత లోపలి అంచులన్నిటికీ సుద్ద పూసి షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పించారు. ఒరుసుకుంటే ఆ సుద్ద తొట్టికి అంటుతుందట. తొట్టి అడుగున చూస్తే ఎక్కడా సుద్ద అంటలేదు. ఆయన మాత్రం ఎడమ మూడోదే అంటాడు. మేడమ్ తొట్టి అంచును అంగుళం కోయించింది. అప్పుడూ అదే మాట. గాలి తగ్గించి చూశారు, పెంచి చూశారు. ఆ వారమంతా బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. బండికి ఏదైనా అయితే బండినే చూడాలన్నది అక్కడి పద్ధతి, అది నాకూ సబబుగానే తోచింది.

బండి ఇంటికి తిరిగొచ్చాక, తర్వాతి ఆదివారం ఉదయం ఆయన ఒణుకుతూ లేచాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. "ఎండకి గాలి పెరిగిందే, బండిని నీడలోకి తొయ్యాలి," అంటున్నాడు. బండి నీడలోనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. జ్వరం వచ్చినా బండికే వచ్చిందంటాడా? ఆయన వద్దంటున్నా వినకుండా బోర్లా పడుకోబెట్టి, బనీను పైకి లాగి, తడిగుడ్డతో తుడవబోయాను.

ఎడమవైపు, మూడో బిళ్ల కింద, చర్మం లేదు. బిళ్ల అంచు చెమటకు గట్టిపడి, రోజూ రాసుకుని రాసుకుని, అరచేతి మేర పుండు చేసింది. చుట్టూ నల్లబడింది. వాసన వేస్తోంది. తడిగుడ్డ పుండుకు తగిలింది.

"అదుగో," అన్నాడాయన తలెత్తి, కిటికీలోంచి బండి వైపు చూస్తూ. "ఇప్పుడే ఒరిసింది. బండి కాడ ఎవరో ఉన్నారు చూడు."

నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇన్నాళ్లూ నొప్పి తెలుస్తూనే ఉంది ఆయనకు, తనదని తెలియలేదు. మేడమ్‌కి ఫోన్ చేశాను. పుండు ఎంత లోతుందో, రంగెలా ఉందో అడిగింది. తర్వాత, "వెంటనే తీసుకురండి, డాక్టర్ని పిలిపిస్తాను," అంది. బయటికొచ్చి చూస్తే పాయలో నీళ్లు లేవు. పోటు రావాలంటే సాయంత్రం కావాలి. పడవలన్నీ బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. దాటించగలిగేది ఆ బండి ఒక్కటే, దాన్ని నడపగలిగేది ఆ జ్వరం మనిషి ఒక్కడే.

ఆయన్ని పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చున్నాను. అదే మొదటిసారి నేను ఆ సీటులో కూర్చోవడం. ఒడ్డు దిగి బురదలో పడ్డాక ఆయన ముఖం తేటపడింది, వేళ్లు మీటల మీద ఆడుతున్నాయి. ఎంత చక్కగా నడుపుతున్నాడో చూసి, అంత భయంలోనూ ముచ్చటేసింది. సగం దూరం దాటాం. అక్కడ బురద పాలలా పలచగా ఉంటుంది, అడుగు ఎక్కడో ఎవరికీ తెలియదు.

ఆయన పళ్లు బిగించాడు. చెయ్యి ఎడమ మూడో మీట మీదకు వెళ్లింది. "బాగా ఒరుత్తోందే. గాలి తీసేత్తాను."

చక్రం వైపు వంగి చూశాను. దానికి ఏ ఒరుపూ లేదు. అసలే సగం కూరుకుపోయి ఉంది. గాలి తీస్తే ఆ పక్క మొత్తం మునిగిపోతుందని నాలాంటిదానికి కూడా అర్థమైంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తియ్యకు. అది చక్రం కాదయ్యా."

"నాకు తెలుత్తోందే. వదులు."

"నీకు తెలుస్తున్నది నీ ఒళ్లు. నీ వీపు మీద పుండుంది. చక్రం బానే ఉంది."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. అలా నేరుగా నా కళ్లలోకి చూసి ఎన్నాళ్లయిందో. తప్పిపోయిన పిల్లవాడి చూపు అది.

"మరి ఆ చక్రం ఏదే? నాకు తగలట్లేదు."

"నేను చూస్తున్నాను. నువ్వు మిగతావి చూసుకో. దీని సంగతి నేను చెబుతాను."

తొట్టి అంచు మీద పొట్ట ఆనించి వేలాడుతూ ఆ చక్రాన్నే చూస్తూ చెప్పుకుంటూ పోయాను. మునుగుతోంది, కాస్త ఎక్కించు. చాలు. ఉబ్బింది, కొంచెం తియ్యి. పరుచుకుంది, అలాగే పోనీ. ఆయన మీట నా మాట ప్రకారం తిరిగింది. ముఖం మీద బురద చిందుతున్నా నేను కళ్లు తిప్పలేదు. ఒకసారి బండి ఎడమకు లాగి ఆగిపోయింది. గాలి ఎక్కించమన్నాను. మెల్లగా కదిలింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కాసేపూ నాకు సంతోషంగా ఉంది. పెళ్లాం మాట కోసం మొగుడు చెవి ఒగ్గి కూర్చున్నాడు.

అవతలి ఒడ్డున డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ప్రయోగశాల వెనక గదిలో పుండు శుభ్రం చేసి, చెడిన కండ తీసేసి, మందు ఎక్కించాడు. ఇంకో రెండు రోజులు ఆగితే చేతిలో ఉండేది కాదన్నాడు. యశోధర మేడమ్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. డాక్టరు వెళ్లాక నా పక్కన వచ్చి కూర్చుంది.

"వారమంతా సుద్ద పూసి చూశానమ్మా," అంది నెమ్మదిగా. "ఒక్కసారి చొక్కా ఎత్తి చూడాలని తోచలేదు."

ఇంట్లో ఉన్న నేనే చూడలేదు.

బనీను తీసేయాలని ఆమే చెప్పింది. ఒక్కసారిగా తీస్తే కళ్లు తిరిగి పడిపోతాడు కాబట్టి, పుండు మీదిది తప్ప మిగతా బిళ్లలు ఆ రాత్రికి ఉంచి, పొద్దున్న డాక్టరు వచ్చాక ఒక్కోటీ తీస్తారు. ఆ చోట్లు మళ్లీ ఆయనవి అవుతాయా అంటే, చాలావరకు కావని తేల్చి చెప్పింది. చక్రాలూ తెలియవు, మనుషులూ తెలియరు. బండికి మనిషి ఒంటితో పని లేని పద్ధతి కనిపెట్టేదాకా ఊరు పోటు కోసం ఎదురుచూడాల్సిందే. ఆయన అంతా విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారని గానీ, వద్దని గానీ అనలేదు. "రేపట్నుంచి బాగా నిశ్శబ్దంగా ఉంటదేమో," అన్నాడంతే.

దీపాలు పెట్టే వేళకు ఆయన కునికిపాట్లు పడుతుంటే లేచి షెడ్డులోకి వెళ్లాను. సవతిని చూడాలనిపించింది. నిజం చెప్పాలంటే నాలుగు తిట్లు తిట్టాలనిపించింది. చీకటి పడుతున్న షెడ్డులో అది బురద కొట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తే తిట్లు నోటికి రాలేదు. కుడి రెండో చక్రం పక్కన కింద కూర్చున్నాను. బురద ఎండి పెచ్చులు కట్టింది. కొంగుతో తుడిచాను. అడుగున రబ్బరు మెత్తగా, పగటి ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. అరచెయ్యి ఆనించి మెల్లగా నిమిరాను. ఎందుకు నిమిరానో తెలియదు. నిమురుతుంటే ఆపబుద్ధి కాలేదు, చెంప కూడా ఆనించాను.

రేకు గోడకు అవతల మంచం కిర్రుమంది.

"మేడంగారండి," మా ఆయన గొంతు. "కుడి రెండోదానికి ఏదో తగులుతోందండి. ఒకసారి చూడండి."

నేను చెయ్యి తియ్యబోయాను. అంతలో యశోధర మేడమ్ టార్చి పట్టుకుని, టేపు మెడలో వేసుకుని వచ్చేసింది. వెలుతురు చక్రం మీద పడి, నా చేతి మీద పడి, నా ముఖం మీద ఆగింది. ఆమె టార్చి ఆర్పేసింది.

"దొరికిందాండి?" అన్నాడు గోడ అవతలి నుంచి.

"దొరికింది లోవరాజూ," అంది ఆమె. "సరిచెయ్యడానికి కాస్త టైము పడుతుంది."

నేను మళ్లీ చెంప ఆనించాను.

"తొందరేం లేదండి," అన్నాడు మా ఆయన. "బానే ఉంది."